ఒట్టుకార్డులు పంచిన ఏడేండ్లు

పని ఏందంటే

తాగుడు మాన్పించే పనిలోకి కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఈ మధ్య నా దగ్గరకు వచ్చినారు. వాళ్ల సంస్థకు చాలా దేశాల్లో శాఖలున్నాయట. "అమ్మా, మీ కాలంలో ఈ పని ఎట్లా చేసేవాళ్లో చెప్పండి" అని అడిగినారు. ధైర్యం వచ్చే మాట ఏదో చెబుతానని ఆశపడి వచ్చినారు పాపం. నా దగ్గర అట్లాంటి మాట లేదు. జరిగింది మాత్రం ఉంది. అదే రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953లో నేను నంద్యాలలో మద్యపాన వ్యతిరేక సంఘంలో ప్రచారకురాలిగా చేరినాను. అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. అంతకు ముందు రెండేండ్లు మిషన్ బడిలో అక్షరాలు చెప్పినందుకు పల్లెల్లో నన్ను అందరూ టీచరమ్మా అనే పిలిచేవాళ్లు. రూతు అన్న నా పేరు తెలిసినవాళ్లు తక్కువ.

మా సంఘం పెద్ద కార్యాలయం సముద్రాల అవతల ఉండేది. అక్కడి నుంచి ఓడ మీద మాకు మూడు రకాల సరుకు వచ్చేది. నెలనెలా ఒక పత్రిక, అద్దాల మీద గీసిన బొమ్మలు, ఒట్టుకార్డులు. కార్డు మీద పావురం బొమ్మ, దాని కింద "దేవుని సాయంతో ఈ రోజు నుంచి మత్తు ముట్టను" అనే మాట, ఆ కింద వేలిముద్రకు చోటు. నేను బస్సులో ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు పల్లెలకు పోయి, ఆడవాళ్లను కూడేసి మాట్లాడి, మగవాళ్ల చేత ఆ కార్డుల మీద వేలిముద్రలు వేయించాలి. ఎన్ని వేయించినానో పై వాళ్లకు రాయాలి. అదీ నా ఉద్యోగం.

బొమ్మల సంగతి ఒకటి చెబుతాను. దీపం పెట్టె వెనుక అద్దం పెడితే గోడ మీద బొమ్మ పడేది. ఒక దొర టోపీ పెట్టుకుని తాగి వీధిలో పడిపోయి ఉంటాడు. వీధంతా మంచు. కిటికీలో నుంచి భార్య చూస్తుంటుంది. ఉయ్యాలవాడ పక్క పల్లెలో ఆ బొమ్మ చూసి ఒక ముసలామె అడిగింది.

"ఆ నేలంతా ఉప్పు పోసినారేంది టీచరమ్మా?"

"ఉప్పు కాదవ్వా, మంచు."

"మంచంటే పొద్దున్నే గడ్డి మీద పడేదే గదా. అంత మందాన ఎట్ల పడ్తాది?"

ఆకాశం నుంచి మంచు ఎట్లా రాలుతుందో చెప్పేసరికి పొద్దుగూకింది. ఆ రోజు తాగుడు గురించి ఒక్క మాట కూడా కాలేదు. నేను మాత్రం సభ జరిగిందని, ఇంతమంది వచ్చినారని రాసి పంపినాను. వాళ్లు మెచ్చుకుంటూ జవాబు రాసినారు.

మొదటి రెండేండ్లూ అట్లానే గడిచినాయి. పని చేస్తున్నాననుకున్నాను. అది ఉత్త తిరుగుడు.

సాల్మన్ మాస్టర్ గారు

మా శాఖకు కార్యదర్శి సాల్మన్ మాస్టర్ గారు. బడి నుంచి రిటైరై ఈ పనిలోకి వచ్చినాడు. చెడ్డ మనిషి కాదు. ఎండాకాలంలో కూడా గొడుగు వేసుకుని మైళ్లకు మైళ్లు నడిచేవాడు. ఆయన తండ్రి తాగి కుందూ నది ఇసుకలో పడి చనిపోతే, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది ఆయనే. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పినాడు. కానీ ఆయన ఎవరితో మాట్లాడినా ఆ బరువు భుజం మీద ఉన్నట్టే ఉండేది.

మద్యనిషేధ చట్టం మాకు మద్రాసు రాష్ట్రం నాటి నుంచే ఉంది. సారా అంగళ్లు మూతపడినాయి. తాగేవాళ్లు మానలేదు. బెల్లం, తుమ్మచెక్క నానబెట్టి వంకల్లో బట్టీలు పెట్టి కాచేవాళ్లు. చట్టం ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ మీద కర్నూలులో ప్రభుత్వమే పడిపోయింది. ఆ వార్త చదివిన రోజు మాస్టర్ గారు అన్నం తినలేదు.

"రూతమ్మా, చట్టం పోతే నేను బతికి ఏం చేయాల?" అన్నాడు.

చట్టం పోలేదు. కానీ ఆయనలో ఒక భయం పట్టుకుంది. చట్టం బాగా పని చేస్తున్నదని చూపించే దేన్నైనా పట్టుకునేవాడు. పని చేయడం లేదని చూపించేది ఏదైనా సరే, వినేవాడు కాదు. ఈ పనిలో ఉన్న మంచివాళ్లకు వచ్చే జబ్బు ఇది. నాకు కూడా వచ్చింది.

నాగమ్మ బట్టీ

ఆళ్లగడ్డకు నాలుగైదు మైళ్లలో ఒక పల్లె ఉంది. పేరు రాయను. అక్కడ బ్రహ్మయ్య అనే వడ్రంగి ఉండేవాడు. బండి చక్రాలు, తలుపులు, మంచాలు చేసేవాడు. చెయ్యి మంచిది. తాగితే మాత్రం ఆ చెయ్యే భార్య మీదకు లేచేది. భార్య ఈశ్వరమ్మ నాకంటే ఐదారేండ్లు పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని.

1955లో ఒక రోజు ఆమె ఆళ్లగడ్డలో నేను దిగే పాస్టరు గారి ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. ఎడమ చెయ్యి మణికట్టు కాడ వాచి ఉంది.

"నాగమ్మ బట్టీ ఉన్నన్నాళ్లు నా మొగుడు మారడు టీచరమ్మా. పోలీసులకు నేను చెప్తే ఊర్లో బతకనీరు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్తే ఇంటారు."

నాగమ్మ ఆ పల్లెలోనే ఉండే విధవరాలు. వంక పక్కన సారా కాచేది. పోలీసుల దగ్గరకు పోయే ముందు ఆమెతో మాట్లాడాలని పోయినాను. కుండ కింద మంట ఎగదోస్తూ ఉంది. నన్ను చూసి దాచలేదు.

"ఏందీ, కార్డు మీద నా చేత కూడా వేలు వేపిస్తావా?" అంది.

"ఇది మానేయి నాగమ్మా. నీ వల్ల ఎన్ని ఇండ్లు పాడైతాండాయో చూస్తాండావు గదా."

"నేను మానేస్తే వీళ్లు మానేస్తారా? ఇంకోడి కాడికి పోతారు. వాడు ఏం కలుపుతాడో. నేను ముందు దిగే సారా నేల మీద పారబోస్తా. అది తాగితే కండ్లు పోతాయని మా అత్త చెప్పింది. సరే, మానేస్తా. నీ సంఘమోళ్లు నాకేం పని ఇస్తారు?"

మా సంఘం దగ్గర కార్డులున్నాయి, బొమ్మలున్నాయి, పత్రిక ఉంది. ఒక ఆడమనిషికి ఇచ్చే పని లేదు.

నంద్యాలకు వచ్చి మాస్టర్ గారికి చెప్పినాను. అప్పుడే ఆయనకు ఉత్తరం వచ్చింది. పెద్ద కార్యాలయం నుంచి ఒక దొరసాని మన శాఖలు చూడటానికి బయలుదేరిందని, రెండు నెలల్లో నంద్యాల వస్తుందని.

"ఆమెకు చూపడానికి మన కాడ ఏముంది రూతమ్మా? ఒక్క పల్లె. మత్తు లేని పల్లె అని ఒక్కటి చూపిద్దాం. నువ్వు చెప్పిన పల్లెనే అట్లా చేద్దాం."

నేను పోలీసులకు చెప్పినాను. బట్టీ పగలగొట్టినారు. నాగమ్మకు ఆరు నెలలు జైలు పడింది. తరువాత రోజు నేను ఆ ఇంటికి పోయినాను. ఎందుకు పోయినానో నాకే తెలియదు. నాగమ్మ అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరు చెప్పినారో ఆమెకు తెలుసు. నన్ను తిట్టలేదు. "ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగుతావా?" అని మాత్రం అడిగింది. నేను తాగకుండా వచ్చేసినాను. తాగి ఉండాల్సింది.

దొరసాని వచ్చిన రోజు

దొరసాని మంచి మనిషి. ఎండకు ముఖం కమిలిపోయినా గొడుగు వద్దని, ఆడవాళ్లతో పాటు చాప మీద కూర్చుంది. నేను ఆమె మాటలు తెలుగులో చెప్పినాను. ఆమె బ్రహ్మయ్యను పిలిచి, ఎన్ని రోజులైంది తాగి అని అడిగింది.

"నలభై దినాలమ్మా" అన్నాడు బ్రహ్మయ్య.

అది నిజమే. నాగమ్మ బట్టీ పోయినాక అతను నిజంగానే నలభై రోజులు తాగలేదు. ఈశ్వరమ్మ తలలో పూలు పెట్టుకుని వచ్చింది. ఆమె చెయ్యి బాగైంది. నలభై రోజుల్లో ఒక్క దెబ్బ పడలేదని నా చెవిలో చెప్పింది. ఆ సంతోషం నేను కల్పించి రాయడం లేదు. నా ఏడేండ్లలో నేను కండ్లతో చూసిన సంతోషం అదొక్కటే.

దొరసాని వెంట వచ్చినాయన ఫోటో తీసినాడు. బ్రహ్మయ్య రెండు చేతులతో ఒట్టుకార్డు పట్టుకుని నిలబడినాడు. పక్కన ఈశ్వరమ్మ కొంగు తల మీదకు లాక్కుని నిలబడింది. నంద్యాలకు వచ్చినాక మాస్టర్ గారు గోడ మీది పటంలో ఆ పల్లె దగ్గర తెల్ల గుండుసూది గుచ్చినాడు. ఆ పల్లె పని అయిపోయిందని దానర్థం.

గుండుసూది గుచ్చిన పల్లెకు మళ్లీ పోయే అలవాటు మాకు లేదు. నేను సంవత్సరం పైగా పోలేదు. పిల్లలూ, నేను చేసిన తప్పుల్లో పోలీసులకు చెప్పడం కంటే ఇది పెద్దది. ఒక బట్టీ మూయించినాక, దాని కాడికి పోయేవాళ్లు మరుసటి రోజు యాడికి పోతారో చూడాల్సింది మనమే. మేము చూడలేదు. మాకు కార్డులు కావాల్సి వచ్చినాయి, దొరికినాయి. అంతటితో ఇంటికి వచ్చినాము.

పాలిష్

బీరువాలకు, కుర్చీలకు పూసే ఫ్రెంచి పాలిష్ వడ్రంగుల దగ్గర సీసాల్లో ఉంటుంది. అది విషం కలిసిన స్పిరిట్టులో లక్క కరిగించింది. దాంట్లో నీళ్లు, ఉప్పు వేస్తే లక్క గడ్డకట్టి అడుగుకు పోతుంది. పైన తేరిన దాన్ని గుడ్డలో వడగట్టి తాగుతారు. సారా దొరకని ఊర్లలో ఈ విద్య ఎవరు ఎవరికి నేర్పినారో గాని, అందరికీ వచ్చింది. నాకు రాలేదు. సంఘంలో పని చేసే మాలో ఒక్కరికీ తెలియలేదు.

1957 ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం బ్రహ్మయ్య, ఊరి కమ్మరి, ఒక బండి తోలే అతను, ముగ్గురూ బ్రహ్మయ్య పని చేసే కొట్టంలో కూర్చుని అది తాగినారు. సోమవారం పొద్దున లేచేసరికి బ్రహ్మయ్యకు కండ్ల ముందు పొగ మాదిరి ఉంది. ఎండదెబ్బ అనుకున్నారు. చల్ల తాగించి పడుకోబెట్టినారు. సాయంత్రానికి కమ్మరి చనిపోయినాడు. మంగళవారం తెల్లారకముందే బండి తోలే అతను పోయినాడు. అప్పుడు ఈశ్వరమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని బస్సెక్కించి నంద్యాలలో నా గది ముందుకు తెచ్చింది.

"టీచరమ్మా, ఈయనకు కండ్లు కనపడ్తా లేవు. బేగా రా."

బ్రహ్మయ్య నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పినాడు. కండ్లు తెరుచుకునే ఉన్నాయి. మామూలు కండ్ల మాదిరే ఉన్నాయి. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగినాడు. "ఏం తాగినావప్పా? దాచిపెట్టద్దు."

"పాలిష్ సార్."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారం."

డాక్టరు రాస్తున్న కలం కింద పెట్టినాడు. ఆ పైన ఆయన చేయగలిగింది చేసినాడు. బ్రహ్మయ్య ప్రాణం నిలిచింది. చూపు రాలేదు.

అతను ఇంటికి పోయిన పది రోజులకు ఓడ మీద మా పత్రిక వచ్చింది. దాని ముఖపత్రం మీద ఎప్పుడో దొరసాని వచ్చినప్పుడు తీసిన బ్రహ్మయ్య, ఈశ్వరమ్మల ఫోటో ఉంది. కింద, ఇండియాలో ఒక పల్లె మత్తును జయించింది అని రాసినారు.

చలిదేశం ఉత్తరం

మాస్టర్ గారికి చెప్పకుండా నేను ఆ పత్రికకు ఉత్తరం రాసినాను. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే రాసినాను. మీరు అచ్చు వేసిన మనిషి ఇప్పుడు గుడ్డివాడు, అతనితో తాగిన ఇద్దరు చనిపోయినారు, ఇట్లాంటిది ఇంకెక్కడైనా జరిగిందా, జరిగితే మీరేం చేసినారు అని. పెద్ద కార్యాలయం నుంచి సానుభూతి చెబుతూ మర్యాదగా జవాబు వచ్చింది. దానితో పాటు రెండు పెట్టెల కొత్త కార్డులు వచ్చినాయి. పత్రికలో మాత్రం నా ప్రశ్నను ఒక మూలన మూడు వరుసల్లో వేసినారు.

ఆ మూడు వరుసలు చదివి ఎక్కడో చలిదేశంలో ఒక ముసలి నర్సు నాకు ఉత్తరం రాసింది. ఆమె కూడా మా సంఘం మనిషే. ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. మా దేశంలో కూడా మద్యం నిషేధించిన రోజుల్లో జనం ఇట్లాంటివే తాగినారు, గుడ్డివాళ్లైన మగవాళ్లకు నా చేతులతో ముఖం కడిగినాను అని రాసింది. చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, వంటసోడా నీళ్లు పట్టిస్తే కొందరికి చూపు నిలిచింది, డాక్టర్లు మంచి మద్యాన్ని కొలత ప్రకారం మందుగా ఇస్తారు, అది లోపల విషాన్ని ఆపుతుంది అని రాసింది. చివర ఇట్లా ఉంది: "మా సంఘంలో పాతవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. సభల్లో మాత్రం మాట్లాడం."

అన్ని దేశాల్లో శాఖలున్న సంఘం మాది. ఒక దేశం ఏడ్చి నేర్చుకున్నది ఇంకో దేశానికి చెప్పడానికి కాకపోతే ఆ శాఖలు ఎందుకు? ఈ సంగతి వాళ్ల దగ్గర ఏండ్ల తరబడి ఉంది. మాకు పంపింది పావురం బొమ్మలు, మంచులో పడిన దొర బొమ్మ.

అచ్చు కాని కాగితం

తెలుగులో అరపేజీ రాసినాను. పాలిష్ తాగద్దు, తాగితే ఆగద్దు, ఏం తాగినారో డాక్టరుకు దాచద్దు, సోడా నీళ్లు పట్టి బస్సెక్కించండి, డాక్టరు మద్యమే మందుగా ఇచ్చినా అడ్డుపడద్దు. అంతే. మాస్టర్ గారి బల్ల మీద పెట్టినాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండు సార్లు చదివినాడు.

"మద్యానికి మద్యమే మందని మన సంఘం పేరుతో వేయమంటావా?"

"ఆ వరుస కొట్టేయండి సార్. మిగతాదన్నా వేద్దాం."

"మిగతాది వేస్తే, మన పల్లెల్లో పాలిష్ తాగి చస్తాండారని మనమే ఒప్పుకున్నట్టు గదా. చట్టం తీసేయమనేవాళ్లు అదే పట్టుకుంటారు. చట్టం పోతే ఎంతమంది చస్తారో ఆలోచించినావా?"

"బ్రహ్మయ్యను చూసినారు గదా సార్."

"చూసినాను. నిద్ర పట్టడం లేదు. అయినా వేయలేను రూతమ్మా."

పెద్ద కార్యాలయానికి పంపి అనుమతి అడుగుదామన్నాడు. ఆరు నెలలకు జవాబు వచ్చింది. విషయం కమిటీ పరిశీలనలో ఉందని. ఆ కమిటీ ఏమన్నదో నాకు ఇంతవరకు తెలియదు.

అచ్చు లేకపోతే నోటితో చెబుదామని పల్లెలు తిరిగినాను. కార్డులు తీయకుండా ఆడవాళ్లకు ఈ నాలుగు మాటలే చెప్పినాను. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో అది పని చేసింది. ఒక చాకలామె మొగుడు పాలిష్ తాగిన గంటలోపే సోడా నీళ్లు పట్టి బండి మీద ఆసుపత్రికి తెచ్చింది. అతనికి చూపు పోలేదు. నేను పోయి చూసినాను. మంచం మీద కూర్చుని బిడ్డకు రొట్టె తుంచి పెడుతున్నాడు.

కానీ తాగడం నేరం. ఆసుపత్రి గుమ్మం దాటగానే పోలీసులు అతన్ని పట్టుకుపోయినారు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఎవరూ ఆసుపత్రికి రాలేదు. అదే సంవత్సరం పక్క పల్లెలో నలుగురు పాలిష్ తాగి ఇండ్లలోనే చనిపోయినారు. వాళ్ల ఆడవాళ్లకు కూడా నేను చెప్పి ఉన్నాను. ఎందుకు తీసుకుపోలేదని ఒకామెను అడిగితే, "తీసుకుపోతే జైల్లో పెడ్తారంట గదా" అంది.

నాగమ్మ జైలు నుంచి వచ్చినాక ఒకసారి ఆళ్లగడ్డ బస్సు దగ్గర కనపడింది. నేను పలకరించలేక తల వంచుకున్నాను. ఆమే దగ్గరకు వచ్చింది.

"కమ్మరి పోయినాడంట గదా. చిన్నప్పటి నుంచి ఎరుగుదును వాన్ని" అంది. బస్సు వస్తే ఎక్కి పోయింది.

ఈశ్వరమ్మకు చెప్పిన మాట

1960లో నేను ఆ పని మానేసి మళ్లీ బడికి పోయినాను. పదవి, జీతం, ఎవరితో గొడవ, ఏదీ కారణం కాదు. పల్లెలో అడుగు పెడుతుంటే నోరు తెరవడానికి భయం వేసేది. చెబితే ఏమైతుందో, చెప్పకపోతే ఏమైతుందో రెండూ చూసినాను.

పోయే ముందు ఒక పని మిగిలింది. చలిదేశం ఉత్తరం సంగతి ఈశ్వరమ్మకు చెప్పలేదు. సోమవారం పొద్దున పొగ కనపడినప్పుడే బస్సెక్కించి ఉంటే మొగుడి చూపు నిలిచి ఉండేదేమోనని ఆమెకు చెప్పాలా వద్దా అని మూడేండ్లు మోసినాను. చెప్పకుండా ఉండటం కూడా ఆ కమిటీ చేసిన పని లాంటిదే అనిపించింది.

వాళ్ల ఇంటికి పోయేసరికి బ్రహ్మయ్య లోపల తడుముకుంటూ తాడు పేనుతున్నాడు. చేతులు బాగానే పని చేస్తున్నాయి. ఈశ్వరమ్మ కంది చేనుకు కూలికి పోయి అప్పుడే వచ్చింది. ఆమెను ఇంటి వెనకకు పిలిచి అంతా చెప్పినాను. నాగమ్మ బట్టీ నుంచి సోడా నీళ్ల దాకా. నా తప్పు ఎంతో, మా సంఘం తప్పు ఎంతో దాచలేదు. సోమవారం పొద్దున ఆమె చల్ల తాగించి పడుకోబెట్టిందన్న మాట దగ్గర ఆగినాను. అది ఆమే పూర్తి చేసింది.

"చల్ల తాగిచ్చి పడుకోబెట్టినా. సాయంత్రం దాకా ఆయన పక్కన్నే కూర్చున్నా."

కాళ్లకు అంటిన రేగడి మట్టి గోటితో గీకుతూ ఉండిపోయింది. తరువాత అడిగింది.

"ఈ మాట ఆయనకు చెప్పినావా?"

"లేదక్కా. ముందు నీకే చెప్తాండా."

"చెప్పద్దు. తాగి నన్ను కొట్టినానని దేవుడు కండ్లు తీసుకున్నాడని అనుకుంటాండాడు. అట్లనే అనుకోనీ. మనుషులు చేసినారంటే తట్టుకోలేడు."

నేను చెప్పలేదు. బ్రహ్మయ్య ఆ తరువాత పదకొండేండ్లు బతికినాడు. మళ్లీ ఒక్కసారి కూడా తాగలేదు. నేను ఏడాదికి ఒకసారైనా పోయి చూసి వచ్చేదాన్ని. గుమ్మంలో నా అడుగుల చప్పుడు విని లేచి నిలబడి, నేను వద్దంటున్నా రెండు చేతులూ జోడించేవాడు. ఇంటికి వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు చెప్పేవాడు, "ఈమె టీచరమ్మ. నా తాగుడు మాన్పించింది ఈ తల్లే" అని.

ఈశ్వరమ్మ ఆ మాట వింటూ పొయ్యి దగ్గరే ఉండేది, తల ఎత్తేది కాదు.